ఆటలమ్మ, సర్పి ఫొటోలు ప్రతి ఊరి హెల్త్ క్లినిక్ గోడ మీద పెట్టించండి: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారమండి,

నేను శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట దగ్గర పల్లెలో హైస్కూల్ టీచర్ని. శివరాత్రి దాటి ఎండలు మొదలయ్యాయంటే మా క్లాసుల్లో పిల్లలు ఒకరి తర్వాత ఒకరు మానేస్తుంటారు, ఏమైందిరా అంటే "అమ్మోరు పోసిందండి" అంటారు. గుమ్మానికి వేపమండలు కట్టడం, అమ్మవారికి చల్లదనం చెయ్యడం మా ఇంట్లోనూ ఉంది, దాన్ని నేను తప్పు పట్టను. కానీ అది ఆటలమ్మ (చికెన్‌పాక్స్) అని తెలిసేసరికే పక్క బెంచీలకి అంటుకుపోతోందండి. పొక్కులు కనబడ్డానికి ఒకట్రెండు రోజుల ముందు నుంచే అంటుకుంటుంది, అంటుకున్నవాళ్ళకి బయటపడ్డానికి 10 నుంచి 21 రోజులు పడుతుంది, అందుకే తగ్గిపోయిందిలే అనుకున్నాక మళ్ళీ మొదలవుద్ది.

ముందు కొంచెం జ్వరం, నీరసం, తర్వాత ఛాతీ, వీపు, మొహం మీద దురద పెట్టే ఎర్ర చుక్కలు. పిల్లాడి చొక్కా ఎత్తి చూస్తే కొత్త చుక్క, నీరు నిండిన పొక్కు, ఎండి చెక్కు కట్టినది మూడూ ఒకేసారి కనిపిస్తాయి, అదే దీని పెద్ద గుర్తు. అన్నీ చెక్కు కట్టేదాకా బడికి పంపకూడదు, జ్వరానికి ఆస్పిరిన్ ఇవ్వకూడదు. ఇంట్లో ఆటలమ్మ రాని గర్భిణి ఉంటే వెంటనే డాక్టర్‌కి చెప్పాలి.

ఇంకా బాధ సర్పి (హెర్పిస్ జోస్టర్) గురించి. చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ వైరస్సే నరాల్లో దాక్కుని ఏళ్ళ తర్వాత ఇలా లేస్తుందని మా వైపు చాలామందికి తెలీదు. మా వీధిలో ఒక పెద్దమ్మకి వీపు నుంచి రొమ్ము కింద దాకా ఒక్క కుడి పక్కే మంట, జాకెట్టు గుడ్డ తగిలినా ఓర్చుకోలేకపోయేది, గ్యాసేమో అనుకుని మాత్రలు మింగింది, నాలుగో రోజుకి పట్టీలా పొక్కులు లేచాయి. ఆసుపత్రికి పదమంటే "సర్పికి డాక్టరేటి సేత్తాడు బాబూ" అని ఎర్రమట్టి పూయించుకుని మంత్రం వేయించుకుంది. రెండు కొసలూ కలిస్తే మనిషి దక్కదని ఊళ్ళో భయం, నిజానికి అది మామూలుగా ఒక పక్కనే ఆగిపోతుంది. పొక్కులు లేచిన 72 గంటల్లోపు ఎసైక్లోవిర్ లాంటి మందు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది, ఆ టైం దాటిపోయింది. పొక్కులు మాని నెలలైనా ఆవిడకి ఆ నొప్పి పోలేదండి. అదే నుదుటి మీదో ముక్కు కొన మీదో లేస్తే కంటిచూపుకే ముప్పు, ఆ రోజే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. సర్పి పొక్కుల నీరు తగిలితే ఆటలమ్మ రాని పసిబిడ్డకి ఆటలమ్మ వస్తుంది, మనవళ్ళని ఒళ్ళో పెట్టుకునే వయసువాళ్ళకే కదండీ ఇది ఎక్కువొచ్చేది.

షుగర్ ఉన్నవాళ్ళు, మా ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో డయాలసిస్‌కి తిరిగేవాళ్ళు, వీళ్ళకి ఈ రెండూ ముదిరే ప్రమాదం ఎక్కువ, కాబట్టి ముందు వాళ్ళ ఊళ్ళ నుంచే మొదలుపెట్టండి. ఈ సంక్రాంతి లోపు ప్రతి విలేజ్ హెల్త్ క్లినిక్ గోడ మీద, ప్రతి హాస్టల్లో పెద్ద ఫొటోలతో బోర్డు పెట్టించండి, ఆశా కార్యకర్తలకి సర్పి గుర్తుపట్టడం నేర్పించండి, ఎసైక్లోవిర్ మాత్రలు ప్రతి పీహెచ్‌సీలో అయిపోకుండా చూడండి. ఆటలమ్మ టీకా ప్రభుత్వం ఉచితంగా వేసే లిస్టులో లేదు, ప్రైవేటులో కొనాలంటే కూలి చేసుకునేవాళ్ళ వల్ల కాదు, దాన్ని చేర్చమని కేంద్రాన్ని మీరు గట్టిగా అడగండి. బోర్డు మీద రాయాల్సిన మాటలు మా టీచర్లం రాసిస్తాం, డాక్టర్లతో ఒకసారి చూపించి అచ్చేయించండి చాలు.

ఇట్లు,
ఒక హైస్కూల్ టీచర్, శ్రీకాకుళం జిల్లా