రెండో వారంలో రా

ఒరేయ్ మామా,

నీ మెసేజ్ చూశాను. "ధైర్యంగా ఉండు" అని రాసి పక్కన చేతులు జోడించిన బొమ్మ పెట్టావు. ఇంటర్ నుంచి నన్ను బూతు లేకుండా పలకరించని వాడివి, దండం పెట్టేసరికి నిజంగా టెన్షన్ వచ్చింది. ఫోన్ చేస్తే గొంతు తగ్గించి మాట్లాడతావు, అది నాకు పడదు. అందుకే ఉత్తరం.

మెడ పక్కన, కాలర్ ఎముక పైన బిళ్ల కట్టింది. నేను చూసుకోలేదు, గడ్డం గీస్తూ మంగలి షాపతను చూశాడు. నొప్పి లేదు. సాయంత్రం ఒళ్లు వెచ్చబడేది, రాత్రి బనియన్ పిండితే నీళ్లు కారేంత చెమట. మెడలో బిళ్ల, సాయంత్రం జ్వరం అంటే మన దగ్గర ఎవరికైనా ముందు టీబీయే తోస్తుంది కదా. ఆ మందులు మొదలుపెట్టారు. బిళ్ల తగ్గలేదు సరికదా, పక్కన ఇంకోటి లేచింది. సూది గుచ్చి తీసిన పరీక్షలో ఏమీ తేలలేదు. చివరికి విజయవాడలో బిళ్లని కోసి తీసి బయాప్సీకి పంపితే హాడ్జ్‌కిన్ లింఫోమా అన్నారు, అంటే లింఫు గ్రంథులకి వచ్చే కేన్సర్. 1832లో లండన్ డాక్టర్ థామస్ హాడ్జ్‌కిన్ దీని గురించి మొదట రాశాడట, ఆయన పేరే పెట్టారు. లింఫోమా అని అనుమానం ఉంటే సూది పరీక్షతో సరిపెట్టుకోకూడదు, బిళ్ల బిళ్లంతా తీసి చూడాలి. ఈ ముక్క గుర్తుపెట్టుకో, ఎవరికైనా పనికొస్తుంది.

కీమోకి ముందు డాక్టరు, "ఇంకా పిల్లలు కావాలనుకుంటే వీర్యం దాచుకోవచ్చు" అన్నాడు. అమ్మ పక్కనే ఉంది. "ఏం దాచుకోమంటున్నారు నాయనా?" అని అడిగింది. నీ చెల్లెలు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయింది. ఆ గదిలో నేను నవ్విన రోజు అదొక్కటే.

రెండు వారాలకోసారి నాలుగు మందులు ఎక్కిస్తారు, ఏబీవీడీ అంటారు. అందులో ఒకటి రస్నాలా ఎర్రగా ఉంటుంది. ఆ రోజు ఒంటేలు కూడా ఎర్రగానే వస్తుంది, నర్సు ముందే చెప్పబట్టి సరిపోయింది. ఇంకోదానికి వెలుతురు తగలకూడదని సీసాకి నల్ల కవరు తొడుగుతారు. అది ఎక్కుతుంటే నరం పొడవునా మంట. ఆ రాత్రి స్టెరాయిడ్ మహిమ, నిద్ర రాదు, ఆకలి మాత్రం దంచేస్తుంది. అర్ధరాత్రి ఫ్రిజ్ ముందు నిలబడి పెరుగన్నం తింటాను. ఆ తర్వాత నాలుగైదు రోజులు లెక్కలో లేవు. నోట్లో ఇనుము రుచి. కాఫీ వాసన పడదురా, నాకు! మలబద్ధకం గురించి రాయను, నువ్వు భోజనం చేస్తూ చదువుతావు.

రెండో వారం మళ్లీ మనిషినవుతాను. షాపుకెళ్లి శుభలేఖల ప్రూఫులు చూస్తాను. గుండు చూసి వచ్చినవాళ్లంతా "తిరుపతి ఎప్పుడెళ్లారు?" అంటున్నారు. మొదట్లో విషయం చెప్పేవాణ్ని. వాళ్ల మొహం మాడిపోయి, పెళ్లి కార్డు చేతిలో పట్టుకుని ఏం చెయ్యాలో తెలియక నిలబడేవాళ్లు. ఇప్పుడు "మొన్ననే" అనేస్తున్నా. ఒకాయన ప్రసాదం అడిగాడు, అది వేరే సంగతి.

ఇంట్లో సలహాలకి కొదవ లేదు. బొప్పాయాకు రసం, గోధుమ గడ్డి రసం, ఎండుమిరపకాయలతో దిష్టి. పంచదార తింటే కేన్సర్‌కి మేత వేసినట్టేనని అత్తయ్య పూతరేకులు దాచేసింది. డాక్టర్ని అడిగితే, ఈ కణాలు గ్లూకోజ్ ఎక్కువ లాగే మాట నిజమే, అందుకే కేన్సర్ ఎక్కడుందో చూపే పెట్ స్కాన్‌లో వెలుగుతాయి, కానీ నువ్వు స్వీటు మానేసినంత మాత్రాన అవి పస్తు ఉండవు అన్నాడు. పూతరేకులు తిరిగొచ్చాయి.

స్కాన్‌కి ముందు రాత్రి మాత్రం భయమేసింది, దాచను. స్కాన్ కోసం ఎక్కించిన రేడియోధార్మిక మందు ఒంట్లో ఉంటుందని, అది అయ్యాక కొన్ని గంటలు చిన్నపిల్లలకి దూరంగా ఉండమన్నారు. పాప పక్కగదిలోంచి ఫోన్ చేసి, హోంవర్క్ మొత్తం చదివి వినిపించింది. రెండు సైకిళ్లు, అంటే నాలుగుసార్లు మందు ఎక్కాక తీసిన స్కాన్ అది. డోవిల్ స్కోరు అని 1 నుంచి 5 వరకు మార్కులేస్తారు, ఇక్కడ తక్కువొస్తేనే గొప్ప. నాకు 2. దాంతో ఊపిరితిత్తుల్ని పాడుచేసే బ్లియోమైసిన్ ఆపేశారు, మిగతా మూడూ నడుస్తాయి. జీవితంలో తక్కువ మార్కులకి ఇంట్లో స్వీట్లు పంచడం ఇదే మొదటిసారి.

ఈ మంగళవారం మళ్లీ మందు. ఆ వారం నన్ను వదిలెయ్, తర్వాతి ఆదివారం తెనాలి రా. తెల్లకణాలు తగ్గి ఉంటాయి కాబట్టి నీకు తుమ్మొచ్చినా బస్సెక్కకు. నాకు జ్వరం 100.4 దాటిందంటే అర్ధరాత్రయినా హాస్పిటల్‌కి పరిగెత్తాలి, ఆ పుణ్యం నీకెందుకు. హార్లిక్స్ సీసాలు తేకు, అలమరలో చోటు లేదు. పేకలు తీసుకురా. పోయిన సంక్రాంతికి ఓడిపోయి ఎగ్గొట్టిన ఆరు వందలు కూడా తీసుకురా. జబ్బు చేసినవాణ్ని కదా అని నేను మాఫీ చెయ్యను.