ఆర్కో దీపం కొనేముందు ఫ్యాను ఎత్తు కొలవండి

సంపాదకులకు,

ఇటలీ ‘ఆర్కో’ దీపం (నేల మీది రాతి పీఠం నుంచి స్టీలు కమ్మి విల్లులా వంగి, దాని కొసన బల్బుండే డోము వేలాడే దీపం) మళ్లీ వస్తోందని మీ ఆదివారం అనుబంధంలో రాశారు. నిజానికి అది మానేస్తే కదా మళ్లీ రావడానికి! అకిల్లే, పియెర్ జాకొమో కాస్టిలియోని సోదరులు 1962లో రూపొందించినప్పటి నుంచి ఫ్లోస్ సంస్థ దాన్ని చేస్తూనే ఉంది. 2022లో వచ్చింది అరవయ్యో ఏట పరిమితంగా చేసిన రకం. దానికి పాలరాయి బదులు స్ఫటికపు గాజు పీఠం.

వ్యాసంలో రాని సంగతి రాయి బరువు. ఇటలీలోని కరారా పాలరాతితో చేసిన పీఠం సుమారు 65 కిలోలు. స్లాబుకు రంధ్రం పెట్టకుండా భోజనాల బల్ల మీద దీపం వేలాడాలి, కుర్చీల వెనక వడ్డించేవాళ్లు నడవాలి అన్నది అసలు ఆలోచన. అందుకే స్టీలు కమ్మి రెండు మీటర్ల దాకా వంగి వస్తుంది. అంత దూరాన వేలాడే ఒక్క కిలోను ఆపాలంటే, పీఠం ముందంచుకు 10 సెంటీమీటర్ల వెనక 20 కిలోల రాయి ఉండాలి. బెజవాడలో దొరికే నకళ్లలో కొన్ని లోపల డొల్ల, పైన పాలరాతి పలక. పిల్లాడు డోము పట్టుకుని లాగితే మొత్తం ముందుకు తిరగబడుతుంది. కొట్లోనే టేపు పెట్టి పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి వెయ్యితో భాగించండి, లీటర్లు వస్తాయి. లీటరు పాలరాయి సుమారు 2.7 కిలోలు. 24 లీటర్లు ఉండి ఇద్దరు సునాయాసంగా ఎత్తేస్తున్నారంటే అది నిండు రాయి కాదు, లోపల డొల్లే. చీమకుర్తి నల్ల గ్రానైటుతో పీఠం కోయించుకున్నా తప్పు లేదు, ఇంకాస్త బరువే వస్తుంది.

రాయిలో ఉన్న రంధ్రం అలంకారం కాదు. అందులో చీపురు కర్ర దూర్చి ఇద్దరు మోయాలని ఏర్పాటు. మన కొండచీపురుకు కర్రే లేదు, మాపు గొట్టమేమో వంగిపోతుంది. గునపం దూర్చితే అంచు పెచ్చులూడుతుంది. రంధ్రానికి సరిపడే గట్టి టేకు కర్ర వాడండి. ముందు డోము విప్పి, కమ్మి లోపలికి జరిపాకే రాయి కదపాలి. టైల్స్ మీద ఈడ్చకూడదు.

ఇక అసలు చిక్కు ఫ్యాను. కమ్మి ఎత్తు దాదాపు ఎనిమిదడుగులు. మన ఫ్లాట్లలో స్లాబు తొమ్మిదిన్నర, పదడుగులే. రాడ్డు పోను ఫ్యాను రెక్కలు తిరిగేదీ ఎనిమిది, ఎనిమిదిన్నర అడుగుల దగ్గరే. పైగా ఆ ఫ్యాను సరిగ్గా బల్ల మీదే ఉంటుంది! 48 అంగుళాల ఫ్యాను కొక్కెం నుంచి చుట్టూ రెండడుగులు ఆక్రమిస్తుంది, కమ్మి ఆ వలయంలోకి రాకూడదు. రాడ్డు పొట్టి చేయించడంకన్నా అక్కడ గోడ ఫ్యాను పెట్టుకోవడం మేలు. మే నెలలో ఫ్యాను తీసేయమని ఎవరికి చెప్పగలం?

కరెంటు సంగతి తేలిక. అక్కడా 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌లే, ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు. ప్లగ్గుకు అడాప్టరు తగిలించి వదిలేయకండి, వదులై చిటపటలాడి కాలుతుంది. దాన్ని కోసి 6 ఆంపియర్ల త్రీపిన్ టాపు వేయించండి. గోధుమరంగు తీగ ఫేజు, నీలం న్యూట్రలు, పసుపు-ఆకుపచ్చ ఎర్తు. లోహపు దీపం కాబట్టి ఎర్తు వదలొద్దు. హోల్డరు స్క్రూ రకం. మన పిన్ను బల్బు పట్టదు, ‘ఈ27’ అని అడగాలి. మరలున్న అంచుకు న్యూట్రలు, మధ్య బొడిపెకు ఫేజు వెళ్లాలి. ఇవి తిరగబడితే బల్బు మార్చేటప్పుడు షాకు కొడుతుంది.

పాలరాయిని నిమ్మరసం, చింతపండు పులుసు, బాత్రూం యాసిడ్ తినేస్తాయి. యాసిడ్ కలిపిన మాపు నీళ్లు పీఠానికి తగలనివ్వకండి. ఒకసారి మెరుపు పోతే తుడిస్తే రాదు, మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే.

– ఎలక్ట్రికల్ పనివారు, గవర్నర్‌పేట, విజయవాడ