రాకుమారుడు వచ్చిన రోజు వాన పడింది, సరే. ఆ తర్వాత?

గౌరవనీయులైన ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర ప్రీమియర్ (ముఖ్యమంత్రి) క్రిస్ మిన్స్ గారికి,

మీ రాష్ట్రంలో పడమటి వైపున్న డబ్బో ఊరి నుంచి నమస్కారం. ఇదే ఉత్తరం ఇంగ్లీషులో మీ ఆఫీసుకు విడిగా పంపుతున్నాను. తెలుగులో కూడా బహిరంగంగా పెడుతున్నది ఈ పడమటి ఊళ్లలో ఉద్యోగాలు చేసుకుంటున్న మావాళ్లు చదివి, నాలుగు మాటలు అనుకుంటారని.

2024 అక్టోబరులో బ్రిటన్‌కూ ఆస్ట్రేలియాకూ రాజైన చార్లెస్ గారు, కమిలా రాణిగారు సిడ్నీ, కాన్‌బెరా చూసి వెళ్లిపోయారు. ఆయన అప్పట్లో క్యాన్సర్‌కు చికిత్స తీసుకుంటూ ఉన్నారు కాబట్టి తిరుగుడు తగ్గించారు. అందులో తప్పుపట్టేదేమీ లేదు. రాజకుటుంబంలో ఈసారి ఎవరు వచ్చినా మా వైపు ఒక రోజు కేటాయించండి. అయితే ఆ ఏర్పాట్లు మొదలుపెట్టే ముందు 2018ని ఒక్కసారి గుర్తు చేసుకోండి. అప్పుడు ఉన్నది మీ ప్రభుత్వం కాదని తెలుసు. గుర్తు చేసుకోవడానికి అది అడ్డం కాదు కదా.

ఆ ఏడాది ఆగస్టులో రాష్ట్రం నూటికి నూరు శాతం కరువులో ఉందని ప్రకటించారు. అక్టోబరు 17న చార్లెస్ గారి చిన్నకొడుకు హ్యారీ, ఆయన భార్య మేగన్ డబ్బోలో దిగారు. విమానాశ్రయంలో బడిపిల్లలు జెండాలు పట్టుకుని వరసగా నిలబడ్డారు. వాళ్లలో ఐదేళ్ల బాబు ఒకడు రాకుమారుణ్ణి వాటేసుకుని, గడ్డం నిమిరి చూశాడు. ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. దూరపు పల్లెలకు విమానాల్లో వెళ్లి వైద్యం చేసే ఫ్లయింగ్ డాక్టర్ సర్వీసు కొత్త విమానాన్ని వాళ్లకు చూపించారు. తర్వాత ఆ దంపతులు ఎండిపోయిన ఒక పొలానికి వెళ్లి పశువులకు పత్తిగింజలు వేశారు. మేగన్ అయితే ముందురోజు రాత్రి సిడ్నీలో తన చేత్తో అరటిపండు కేకు చేసి ఆ రైతు కుటుంబానికి పట్టుకొచ్చింది. వట్టి చేతులతో చుట్టం ఇంటికి వెళ్లకూడదన్న సంగతి అక్కడి వాళ్లకూ తెలుసన్నమాట!

ఆ మధ్యాహ్నం విక్టోరియా పార్కులో పిక్నిక్. దూరపు ఊళ్ల నుంచి కూడా జనం వచ్చి గంటల తరబడి కాచుకున్నారు. నెలల తరబడి ఆకాశం వైపు చూసిన ఊళ్లో సరిగ్గా హ్యారీ మైకు ముందుకు వచ్చే వేళకి కుండపోత. మేగన్ గొడుగు పట్టుకుని పక్కన నిలబడింది, ఆయన మాట్లాడాడు. పల్లెల్లో మగవాళ్లు బాధ లోపలే దాచుకుని ప్రాణాల మీదికి తెచ్చుకుంటున్నారని, సాయం అడగడానికి సిగ్గుపడొద్దని, తాను అడగడమే తన జీవితంలో చేసిన మంచి నిర్ణయాల్లో ఒకటని అన్నాడు. తడిసిన జనం చప్పట్లు కొట్టారు. మర్నాడు పత్రికల్లో మాత్రం వానే ముందుకొచ్చింది, ఆ మాటలు వెనక్కి పోయాయి. రాకుమారుడు వాన తెచ్చాడట.

కరువు మాత్రం ఎక్కడికీ పోలేదు. 2019 ఇంకా ఘోరంగా గడిచింది. మాక్వారీ నది మీద మాకు నీళ్లిచ్చే బర్రెన్‌డాంగ్ డ్యామ్ 2020 మొదట్లో రెండు శాతం కంటే కిందికి పడిపోయింది. ఊళ్లో నీళ్లకు ఆంక్షలు పెట్టారు. తర్వాత రెండేళ్లకు అదే డ్యామ్ నిండి పొంగింది. డ్యామ్ నిండగానే రైతు అప్పు తీరిపోదు. అమ్ముకున్న మందను మళ్లీ కట్టుకోవడానికి ఏళ్లు పడుతుంది. పచ్చగడ్డి మొలిచాక టీవీ వాళ్లు రారు, మంత్రులు రారు, ఇంట్లో టెన్షన్ మాత్రం అలాగే ఉంటుంది.

మా దేశంలో మంత్రి వస్తున్నాడంటే రాత్రికి రాత్రి తారు పడుతుంది, రోడ్డు పక్కన సున్నం గీతలు పడతాయి. మీ దగ్గర అలా జరిగిందని అనడం లేదు. 2018లో ఊరు తన కష్టాన్ని దాచకుండా చూపించింది, అది గొప్ప సంగతి. లోటు ఎక్కడంటే, ఆ రోజు కోసం అన్ని శాఖలూ ఒక్కటై పనిచేసిన తీరు ఆ రోజుతోనే ఆగిపోయింది.

కాబట్టి నేను అడిగేది ఇది. రూరల్ అడ్వర్సిటీ మెంటల్ హెల్త్ ప్రోగ్రామ్ (పల్లెల్లో మానసిక ఆరోగ్యానికి సాయపడే పథకం) కింద ఊరూరా తిరిగి రైతులతో మాట్లాడే సిబ్బందిని వానలు పడ్డ ఏడాదిలో తగ్గించకండి. అప్పుల లెక్కలు ఉచితంగా సరిచేసి చెప్పే రూరల్ ఫైనాన్షియల్ కౌన్సెలర్లనూ అంతే. కరువు ప్రకటనతో ఆ కొలువులకు ముడి పెట్టొద్దు. మళ్లీ రాజకుటుంబం వచ్చినప్పుడు కార్యక్రమంలో ఒక గంట వీళ్లకు ఇవ్వండి. కెమెరాలు లేకుండా, ఎవరి వంటింటి బల్ల దగ్గరో కూర్చుని మాట్లాడుకోనివ్వండి. ఇక్కడి భూమి అసలు యజమానులైన విరాజురీ ఆదివాసీ పెద్దలను స్వాగతం చెప్పించి పంపేయకుండా ఆ బల్ల దగ్గర కూడా కూర్చోబెట్టండి. నది గురించి వాళ్లకు తెలిసినంత మా ఎవరికీ తెలియదు.

పిక్నిక్ కూడా ఉండనివ్వండి. పిల్లలకు అది కావాలి.

వచ్చే బడ్జెట్‌లోపు ఈ రెండు కొలువుల గురించి మీ మాట తెలియజేయగలరు. మీరు ఏం రాసినా తెలుగు చేసి మావాళ్లందరికీ పంపిస్తాను.

ఇట్లు,
డబ్బోలో స్థిరపడిన ఒక తెలుగువాడు