వెలి వేయడం తగాదా కాదు

సంపాదకుల గారికి,

ఊళ్లో ఒక కుటుంబాన్ని వెలి వేస్తే పత్రికల్లో 'ఇరువర్గాల మధ్య వివాదం' అని వస్తోంది. చదివితే కడుపు మండుతుంది. వెలి అంటే కిరాణా కొట్లో ఉప్పు ప్యాకెట్ కూడా ఇవ్వరు, కూలికి పిలవరు, దున్నడానికి ట్రాక్టర్ రాదు. వాళ్లతో మాట్లాడితే మనకూ జరిమానా. ఇందులో రెండో వర్గం ఎక్కడుంది?

నిజామాబాద్ జిల్లాలో గ్రామాభివృద్ధి కమిటీల పేరుతో ఇలాంటి తీర్పులు ఏళ్లుగా వార్తలకెక్కుతూనే ఉన్నాయి. గీత కార్మికుల కుటుంబాలూ బాధితులే. దళితులు, గిరిజనులకైతే అట్రాసిటీ చట్టం ఉంది. 2015 సవరణతో సాంఘిక, ఆర్థిక బహిష్కరణే కాదు, చేస్తామని బెదిరించడమూ నేరమే. మరి బీసీ కుటుంబం ఏ చట్టం పట్టుకుని స్టేషన్‌ మెట్లెక్కాలి? మహారాష్ట్ర 2016లో బాధితుల కులంతో నిమిత్తం లేకుండా ప్రత్యేక చట్టమే చేసింది. మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. తెలంగాణ ప్రభుత్వమూ అలాంటిది వెంటనే తేవాలి.

వెలి వేసినవాళ్లను 'గ్రామ పెద్దలు' అని గౌరవంగా రాయడం మీ విలేకరులు మానుకోవాలని మనవి.

– ఒక పాఠకురాలు, ఆర్మూర్