అమ్మడుకి ఉత్తరం: ఈమధ్య పూర్తిచేసిన ఆటలు, ఇంకొన్ని సంగతులు

కాకినాడ

చి. అమ్మడుకి,

నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. నీ క్షేమం తెలియపరచగలవు.

ఆ చివరి మాట ఉత్తరాల్లో అలవాటుగా రాసేదే గానీ, ఈసారి ఊరికే రాయలేదు. అమ్మ చేస్తే ఫోను ఎత్తడం లేదు, నేను చేస్తే "మీటింగ్‌లో ఉన్నా" అని మెసేజి వస్తోంది. సరే, మీటింగులు ఉంటాయి. నిన్ను నిలదీయడానికి రాస్తున్నాననుకోకు. ఆటల గురించి రాద్దామనే కూర్చున్నాను. మోకాలి ఆపరేషన్ తర్వాత మెట్లు ఎక్కొద్దన్నారు కదా, నువ్వు మేడ మీద గదిలో వదిలేసిన ఆటల పెట్టె పీఎస్ 4ని రాంబాబు కిందకి దించి హాల్లో టీవీకి తగిలించాడు. నువ్వు దాచుకున్న డిస్కులన్నీ ఒక్కొక్కటే పూర్తిచేస్తున్నాను. వీటి గురించి మాట్లాడదామంటే ఈ వీధిలో నాకెవరున్నారు? నువ్వు అన్నీ ఆడినదానివే కాబట్టి కథలు దాచకుండా రాస్తాను.

ముందుగా ది లాస్ట్ ఆఫ్ అస్. 2013 నాటి ఆట అని డబ్బా మీద చూసి పాతది కదా అనుకున్నాను. మొదటి పావుగంటలోనే జోయెల్ అనే ఆయన కూతురు పోతుంది. పుట్టినరోజుకి ఆ పిల్ల ఇచ్చిన గడియారం అద్దం పగిలి ఆగిపోయినా, ఇరవై ఏళ్ళ తర్వాత కూడా జోయెల్ చేతికి అదే ఉంటుంది. ఆ గడియారం గురించి ఎవ్వరూ పెద్దగా మాట్లాడరు. ఆట తీసిన నాటీ డాగ్ వాళ్ళ పనితనం నాకు అక్కడే తెలిసింది. లోకాన్ని పాడుచేసిన రోగం పట్టని ఎల్లీ అనే పిల్లని చివర్లో ఆసుపత్రి నుంచి ఎత్తుకొచ్చేశాడని జోయెల్‌ని చాలామంది తప్పుపడతారట. నేను పట్టను. లోకానికంతా మందు దొరుకుతుందన్నా, మత్తులో ఉన్న పధ్నాలుగేళ్ళ పిల్లని అడగకుండా ప్రాణం తీస్తామంటే ఏ తండ్రి ఊరుకుంటాడు? నాకు మింగుడుపడనిది ఆ తర్వాత చెప్పిన అబద్ధం. నీలాంటి వాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారట, వాళ్ళు మందు వెతకడం మానేశారట అంటాడు. ఒట్టు పెట్టమంటే పెట్టేస్తాడు. సరే అంటుంది ఆ పిల్ల, కానీ నమ్మలేదని మొహం చూస్తేనే తెలుస్తుంది. అంత దూరం కలిసి నడిచాక ఒకళ్ళ దగ్గర ఒకళ్ళు దాచుకోవాల్సిన అవసరం ఏముంది, అమ్మడూ? నిజం ఎంత చేదైనా ఆ పిల్ల తట్టుకునేది. వినేవాళ్ళు తట్టుకోలేరని చెప్పేవాళ్ళే అనుకుంటారు.

నీకు నేను కూడా అంతే. ఏదైనా తట్టుకుంటాను. బీపీ అదుపులోనే ఉంది.

గాడ్ ఆఫ్ వార్, అదే 2018లో వచ్చింది, నాకు ఇంకా నచ్చింది. చనిపోయిన భార్య అస్థికలు తీసుకుని ఎత్తైన శిఖరం దాకా తండ్రీకొడుకులు వెళ్ళడం, అంతే కథ. మొదటి నుంచి చివరి దాకా కెమెరా ఎక్కడా కట్ కాకుండా తీశారు చూడు, అందువల్ల వాళ్ళతోపాటే నడుస్తున్నట్టుంటుంది. పడవలో వెళ్తుంటే వాళ్ళ వెంట ఉండే మిమిర్ చెప్పే కథల కోసం ఒడ్డుకి చేరకుండా సరస్సులోనే తిప్పేవాణ్ణి. మొదట్లో కొడుకు జింకని కొట్టి వణుకుతుంటే, తండ్రి క్రేటోస్ వాడి వీపు మీద వెయ్యబోయి చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. ఆ సీను రెండోసారి పెట్టుకుని చూశాను. యుద్ధాలు మాత్రం ఒకే రకం రాక్షసులతో మళ్ళీ మళ్ళీ వస్తాయి, అక్కడ విసుగే.

అందరూ క్రేటోస్ గురించే చెబుతారు గానీ నన్ను పట్టుకున్నది ఫ్రెయా అనే దేవత. కొడుక్కి ఏ దెబ్బా తగలకూడదని మంత్రం వేస్తుంది. దెబ్బ తగలదు నిజమే, దాంతోపాటు రుచి తెలీదు, చలి తెలీదు, ఎవరైనా ముట్టుకున్నా తెలీదు. నూరేళ్ళు అలా బతికి ఆ కొడుకు బాల్డర్ తల్లినే చంపబోతాడు. ఆవిడ చేసింది ప్రేమతోనే. అయినా నేను ఆవిడ పక్షం కాదు. పిల్లలకి దెబ్బ తగలకుండా ఆపలేం, తగిలినప్పుడు ఇల్లు తలుపు తీసి ఉండాలి, అంతే. మీ అమ్మకి ఇది చెబితే "మనం ఎప్పుడు మూశాం?" అంది. అందుకే నీకు గుర్తుచేస్తున్నాను, మూయలేదు.

ఇంతకీ ఒక విషయం. ఫోన్‌లో ఆ ప్లేస్టేషన్ యాప్ నువ్వే పెట్టించావు కదా, ఎవరు ఆన్‌లైన్‌లో ఉన్నారో అందులో కనపడుతుంది. నీ పేరు పొద్దున పదకొండింటికి కనపడుతోంది, బుధవారం, గురువారం కూడా. రాత్రి మూడింటికీ కనపడుతోంది. నేను వెతికి చూడలేదు, ఆట పెట్టగానే అదే వస్తుంది. సెలవు పెట్టి ఉంటావు అనుకున్నాను. శారద పిన్ని మొన్న అమ్మతో వేరేలా అంది. మీ కంపెనీలో చాలామందిని తీసేశారని వాళ్ళ వాడు చెప్పాడట. పిన్ని మాటలు నీకు తెలుసు, చీమంటే ఏనుగంటుంది. కాబట్టి అది పక్కన పెట్టు. నిద్ర మాత్రం మానకు. కళ్ళకి పరీక్ష చేయించుకుని ఎంతకాలమైంది?

ఇప్పుడు అసలైన ఆట, డెత్ స్ట్రాండింగ్. నువ్వు "నాన్నా, ఇది నీకోసమే తీసినట్టుంది" అన్నావు, గుర్తుందా? నువ్వన్నది అక్షరాలా నిజం. 2019లో కొజిమా తీసినప్పుడు దీన్ని బరువులు మోసే ఆట అని ఎగతాళి చేశారట. మోసిన వాళ్ళకే తెలుస్తుంది దాని విలువ. ఊళ్ళన్నీ తెగిపోయాయి, మనుషులు నేల కింద దాక్కున్నారు, శామ్ ఒక్కడే వీపు మీద సరుకు వేసుకుని కొండలెక్కి, వాగులు దాటి, ఒక్కో ఊరినీ మళ్ళీ నెట్‌వర్క్‌లో కలుపుతాడు. పైగా ఆ వాన! తడిసిన ప్రతిదాని వయసూ పెంచేస్తుంది, సరుకు డబ్బాలు తుప్పు పట్టిపోతాయి. రెండు చేతులతో పట్టీలు బిగించి పట్టుకోకపోతే రాళ్ళ మీద తూలి పడతాం. నాకు మోకాలు నొప్పి ఉన్నా ఆటలో కొండ ఎక్కడం ఎందుకంత ఇష్టమైందో మీ అమ్మకి అర్థం కాలేదు. జీవితమంతా కరెంటు లైన్లు లాగినవాడికి అర్థమవుతుంది.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను సంగతి నీకు ముక్కలు ముక్కలుగా చెప్పాను గానీ పూర్తిగా చెప్పలేదేమో. అప్పుడు నేను ముమ్మిడివరంలో ఉన్నాను, నీ పుట్టుకకి ముందు. తెల్లారి బయటికి వస్తే కోనసీమలో కొబ్బరితోట అన్నది నిలబడి లేదు. చెట్లన్నీ ఒకే వైపు తల పెట్టి పడున్నాయి. కాట్రేనికోన వైపు, భైరవపాలెం వైపు ఊళ్ళకి ఊళ్ళు పోయాయి, మొత్తం వెయ్యిమందికి పైగా చచ్చిపోయారు. సిమెంటు స్తంభాలు నడుముకి విరిగి ఉన్నాయి, వైర్లు కాలవల్లో ఉన్నాయి, ఫోన్లు లేవు. మాకు తిండీ నిద్రా అన్నీ సబ్‌స్టేషన్‌లోనే. లెవెన్ కేవీ ఫీడర్, అంటే సబ్‌స్టేషన్ నుంచి కరెంటు తీసుకెళ్ళే లైను, ఒకటి నిలబెడితే ఆసుపత్రికి, మంచినీళ్ళ మోటారుకి కరెంటు వస్తుందని అదే ధ్యాస. ఇంటికి కబురు పంపే దారి లేదు.

ఇక్కడ కాకినాడలో తాతయ్య ఏం చేశారంటే, చినబాబాయిని సైకిల్ ఇచ్చి పంపారు. అప్పటికి ఎదుర్లంక వంతెన లేదు, 2002లో కదా వచ్చింది. యానాం దగ్గర పంటు మీద దాటాలి, అది ఆగిపోయింది. బాబాయి చేపలవాళ్ళని బతిమాలి సైకిల్‌తో సహా నావలో దాటాడు. అవతలి ఒడ్డు నుంచి రోడ్డంతా చెట్లే. సైకిల్ తొక్కింది తక్కువ, భుజాన మోసింది ఎక్కువ. సాయంత్రం సబ్‌స్టేషన్ గేటు దగ్గర నిలబడ్డాడు, మోకాళ్ళ దాకా బురద, ఒక చేతిలో సంచి. సంచిలో రెండు పంచెలు, మామ్మ చేసిన బెల్లం ఆవకాయ, ఇంకా తాతయ్య రాసిన కార్డు. ఆ కార్డు మీద ఏముందో తెలుసా? "బతికి ఉంటే దీని వెనక సంతకం చేసి పంపు. మిగతావి తర్వాత." అంతే. ఎలా ఉన్నావు, జీతం వచ్చిందా, ఎప్పుడొస్తావు, ఏమీ లేదు. నేను సంతకం పెట్టాను. బాబాయి ఆ రాత్రి మాతోపాటు బల్ల మీద పడుకుని, తెల్లారి అదే దారిన వెళ్ళాడు. ఆ సంతకం చూశాకే తాతయ్య కంచం ముందు కూర్చున్నారని మామ్మ తర్వాత చెప్పింది.

ఆటలో ఇదంతా ఉంది. ఎక్కడో ఎవరో ఆడుతూ వదిలేసిన నిచ్చెన నా దారిలో కనిపిస్తుంది. ఎవరిదో తెలీదు, ఎప్పటికీ కలవం, కానీ వాడు వేసిన నిచ్చెన మీద నేను వాగు దాటాను. దానికి ఒక లైక్ కొడతాను, వాడికి చేరుతుంది. నేను కొండ పక్కన కట్టిన తాడుకి లైకులు వచ్చినప్పుడు నాకెంత సంతోషమైందో! ఇంకా ఆ హార్ట్‌మన్. 21 నిమిషాలు బతికి, 3 నిమిషాలు గుండె ఆపుకుని, పోయిన భార్యనీ కూతుర్నీ అవతలి లోకంలో వెతికి వస్తాడు. లెక్క వేస్తే రోజుకి 60 సార్లు. అందరికీ విడ్డూరం, నాకు కాదు. కనపడని పిల్ల కోసం ఏ తండ్రైనా అంతే చేస్తాడు.

క్లిఫ్ గురించి రాయకుండా ఉండలేను. ఆట అంతా అతన్ని శత్రువనుకుంటాం. మొదటి ప్రపంచయుద్ధంలో, రెండోదానిలో, వియత్నాం అడవిలో, ఎక్కడ తేలినా సైనికులతో వచ్చి "నా బిడ్డని ఇవ్వు" అని అరుస్తాడు. మనం పారిపోతాం, కాలుస్తాం. చివరికి తెలుస్తుంది, అతను శామ్ కన్నతండ్రి, వెతుకుతున్నది శామ్‌నే. కంట్రోలర్ పక్కన పెట్టి కాసేపు అలా ఉండిపోయాను. చివర్లో మాటలు మరీ ఎక్కువ, వివరించిందే వివరిస్తారు, ఆ అరగంట కత్తిరించి ఉంటే బాగుండేది. అయినా నా లెక్కలో ఇదే మొదటి స్థానం. తండ్రి అరుస్తూ వస్తున్నాడంటే కొట్టడానికే అని అనుకోకూడదు, తల్లీ.

నీ పాత లాప్‌టాప్‌లో వెన్బా కూడా ఆడాను, అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని. కెనడాకి వలస వెళ్ళిన తమిళ కుటుంబం, టొరంటోలోని విసై గేమ్స్ వాళ్ళు 2023లో తెచ్చారు. గంటన్నరలో అయిపోతుంది. తల్లి తెచ్చుకున్న వంటల పుస్తకం చిరిగి, మరకలు పడి ఉంటుంది, మిగిలిన ముక్కలు చూసి ఇడ్లీ, పుట్టు, బిర్యానీ ఎలా చేయాలో మనం పోల్చుకోవాలి. నేను తప్పు చేసిన ప్రతిచోటా అమ్మ చెప్పింది, ఒక్కటీ తప్పలేదు. కొడుకు పెద్దవాడయ్యాక మెసేజిలకి సరిగా జవాబివ్వడు. వాడొస్తాడని ఆవిడ ఇన్ని వంటలు చేసి చూస్తూ ఉంటుంది. అక్కడ అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. మిగతాది నేనొక్కణ్ణే ఆడాను.

అందుకని తిన్నగా అడుగుతున్నాను. పిన్ని చెప్పింది నిజమేనా? నిజమైతే నిజమని రాయి, కాకపోతే కాదని రాయి. ఒకవేళ ఉద్యోగం మారే పరిస్థితి వస్తే, పీఎఫ్ డబ్బు తీసేసుకోకు, కొత్త కంపెనీకి బదిలీ చేయించుకో, పీఎఫ్‌కి నీకిచ్చిన యూఏఎన్ నంబరు అదే ఉంటుంది. అయిదేళ్ళు నిండకుండా తీస్తే పన్ను కట్టాలి. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది, సొంతంగా ఒక పాలసీ తీసుకో, ఆలస్యం చేయకు. రిలీవింగ్ లెటర్ చేతికి రాకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. అద్దె గురించి బెంగపడకు, అది నేను చూసుకుంటాను. ఎవరు అడిగినా సెలవులో ఉందని చెబుతాం, అదీ నీకిష్టమైతేనే. పిన్నికి ఏం చెప్పాలో అమ్మకి తెలుసు.

పార్సిల్‌లో కందిపొడి, నువ్వులుండలు, కాజాలు పంపాను. కాజాలు రెండు రోజుల్లో తినేయి, ఫ్రిజ్‌లో పెట్టకు. నీ కళ్ళజోడు రెండోది మేడ మీద దొరికింది, అదీ పెట్టాను. రాత్రి అన్నం మానేసి నూడుల్స్ తినకు.

శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో టికెట్ చూసుకో, దొరక్కపోతే నాకు చెప్పు, తత్కాల్‌లో రాంబాబు చేస్తాడు. సామర్లకోటలో దిగి ఆటో వెతుక్కోకు, టౌన్ స్టేషన్ దాకా రా, నేను వస్తాను. డెత్ స్ట్రాండింగ్ రెండోది 2025లో నీ దగ్గరున్న పీఎస్ 5కే వచ్చిందట కదా. ఆ డబ్బా బ్యాగులో పెట్టి తీసుకురా, ఉద్యోగం ఉన్నా, లేకపోయినా. ఎన్ని రోజులుంటావని మేం అడగం.

ఇట్లు,
నాన్న

తా.క. అమ్మ రాయమంటోంది: ఆ పన్ను డాక్టరుకి చూపించుకున్నావా, లేదా? లేకపోతే ఇక్కడే చూపిద్దాం.