జనాభా తగ్గినా వేడి తగ్గదు

సంపాదకులకు,

వాతావరణ మార్పు ప్రస్తావన వచ్చినప్పుడల్లా జనాభా పెరుగుదలనే దోషిగా నిలబెట్టడం మనకు అలవాటైపోయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో మహిళకు కలిగే సంతానం సగటున ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8, జనాభా నిలకడగా ఉండటానికి కావలసిన 2.1 కంటే ఇవి తక్కువే. స్థానిక ఎన్నికల్లో పోటీకి అడ్డుగా ఉన్న ఇద్దరు పిల్లల నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తివేసింది కూడా. అయినా వేసవి కరెంటు వాడకం పెరుగుతూనే ఉందంటే, మనుషుల సంఖ్య కంటే వారి వసతులు వేగంగా పెరుగుతున్నాయన్నమాట.

విజయవాడలో ఏ అపార్టుమెంటు వెనక సందులో నిలబడి తలెత్తినా గోడ నిండా ఏసీల బయటి యూనిట్లే. కింది వాటా యంత్రం ఊదే వేడిగాలి పై వాటా కిటికీలోకి కొడుతుంటే ఉక్క భరించలేక వారూ ఒకటి కొంటారు. ఆ కరెంటులో ఎక్కువ భాగం ఇప్పటికీ బొగ్గు నుంచే వస్తోంది. అలాగని రోహిణి ఎండల్లో పసిపిల్లలూ వృద్ధులూ ఉన్న ఇంటివారిని ఏసీ వద్దనడం న్యాయం కాదు. భారతీయుడి తలసరి కార్బన్ ఉద్గారం అమెరికా పౌరుడి దానిలో ఐదో వంతు కూడా ఉండదు.

ఇంటి కప్పు ఎండను తిప్పికొట్టేలా పూతలు వేయాలంటూ తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్ కూడా కొత్త భవనాల అనుమతులకు ఈ షరతు జోడించి, ఏసీ కొనలేని రేకుల ఇళ్లవారికి ముందుగా ప్రభుత్వ ఖర్చుతోనే పూత వేయించాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, విజయవాడ