కోళ్ల వ్యాధుల వార్తలు: నిర్ధారణకు ముందు, తర్వాత

సంపాదకులు గారికి,

2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులోనూ, పెరవలి మండలం కానూరు అగ్రహారంలోనూ కోళ్లకు బర్డ్ ఫ్లూ సోకినట్లు భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాల నిర్ధారించింది. అయితే కోళ్లు అంతకు కొన్ని వారాల ముందు నుంచే చనిపోతున్నాయి. ఫలితం తేలని ఆ రోజుల్లోనే ‘అంతుచిక్కని వైరస్’ అన్న మాట ఊరూరా పాకింది. మెడ వంకర్లు తిరిగి, పచ్చగా పారుకుంటూ చనిపోయే కోడిని చూసినంత మాత్రాన అది కొక్కెర తెగులో (కోళ్లకు వచ్చే మరో వైరస్ వ్యాధి), బర్డ్ ఫ్లూనో అనుభవమున్న పశువైద్యుడు కూడా తేల్చి చెప్పలేడు. అందువల్ల ‘నమూనాలు పంపారు’ అన్న వార్తకూ ‘నిర్ధారణ అయింది’ అన్న వార్తకూ ఉన్న తేడా శీర్షికలోనే కనిపించాలి.

పాఠకుడిని భయపెట్టడం ఎంత తప్పో, ‘చికెన్ తింటే ఏమీ కాదు’ అని ఒక్క ముక్కలో తేల్చేయడమూ అంతే తప్పు. 70 డిగ్రీల వేడి ముక్క లోపలి దాకా తగిలేలా ఉడికిస్తే ఈ వైరస్ నశిస్తుంది. పచ్చి మాంసానికి ఆ భరోసా లేదు. అదే ఏడాది మార్చిలో పల్నాడు జిల్లాలో ఈ వైరస్ సోకి మరణించిన పసిబిడ్డ పచ్చి మాంసం ముక్క తిన్నట్లు వార్తలు రావడం మనకు తెలిసిందే. పిల్లల చేతికి పచ్చి ముక్క ఇవ్వవద్దని, మాంసం కోసిన కత్తిని, చేతులను సబ్బుతో కడుక్కోవాలని వార్త పక్కనే రెండు వాక్యాలు వేయడానికి పెద్దగా చోటు పట్టదు.

రైతుకు అన్నిటికన్నా ముఖ్యమైన సమాచారం మాత్రం వార్తల్లో చాలా అరుదుగా కనిపిస్తోంది. ప్రభుత్వ పరిహారం వ్యాధి వ్యాపించకుండా అధికారులు నిర్మూలించిన కోళ్లకే వర్తిస్తుంది, అప్పటికే చనిపోయిన వాటికి రాదు. ఈ సంగతి ముందే తెలిసిన రైతు జబ్బును దాచిపెట్టడు, రెండు కోళ్లు వాలిపోగానే పశువైద్యశాలకు కబురు చేస్తాడు. తెలియని రైతు యూట్యూబ్‌లో ఎవరో చెప్పిన యాంటీబయోటిక్‌ను, అది వైరస్‌పై పనిచేయదని ఎరగక, నీళ్లలో కలిపి పట్టిస్తూ విలువైన రోజులు పోగొట్టుకుంటాడు. చనిపోయిన కోళ్లను లోతైన గోతిలో సున్నం చల్లి పూడ్చాల్సింది పోయి, కాలువలో పారేసేదీ ఇలాంటి అయోమయంలోనే.

కాబట్టి పశువ్యాధి వార్త రాసే ప్రతిసారీ నిర్ధారించిన ప్రయోగశాల పేరు, ఆంక్షలు వర్తించే గ్రామాలు, మాట్లాడిన పశువైద్యాధికారి హోదా, పశువైద్య సేవల టోల్‌ఫ్రీ ఫోన్ నంబరు 1962 తప్పక ఇవ్వాలని, వ్యాధి సోకిందని ఒక ఊరి పేరు మొదటి పేజీలో వేస్తే అక్కడ ఆంక్షలు ఎత్తివేసిన వార్తను కూడా అదే పేజీలో వేయాలని మనవి.

— విశ్రాంత పశువైద్యాధికారి, పశ్చిమ గోదావరి జిల్లా